చదువుతున్నారా, అప్పజెబుతున్నారా? ఇంగ్లీషు తొలి పఠన తరగతిని పరిశీలించడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ వైపు బడుల్లో ఇంగ్లీషు తరగతి అంటే ముందు వినబడేది కోరస్. టీచరు ఒక వాక్యం అంటారు, ముప్పై గొంతులు ఒక్కసారిగా దాన్ని తిరిగి అంటాయి. వరండాలో నిలబడి విన్నవాళ్లకు పిల్లలు గడగడా చదివేస్తున్నట్టే ఉంటుంది. లోపలికి వెళ్లి ఏ ఒక్కరినైనా విడిగా పిలిచి, అదే పేజీలో నడుమ ఉన్న మాటను చూపించి చదవమంటే అప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

మీరు డీఎల్‌ఎడ్, బీఈడీ చదువుతూ పరిశీలనకు వెళ్లవలసినవారు కావచ్చు, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యులు కావచ్చు, కొత్తగా ట్యూషన్ మొదలుపెట్టబోతున్నవారు కావచ్చు. అలాంటి తరగతిలో ఒక పీరియడు కూర్చుని ఏం చూడాలో, ఎలా చూడాలో చెబుతాను. చూడవలసింది నిజానికి ఒక్కటే. ఎవరు అక్షరాలను చూసి చదువుతున్నారు, ఎవరు విన్నదాన్ని అప్పజెబుతున్నారు? మిగతా జాగ్రత్తలన్నీ ఈ ప్రశ్నకు సరైన జవాబు రాబట్టడానికే.

ముందు రోజు

ప్రధానోపాధ్యాయుల అనుమతి ఎలాగూ తీసుకుంటారు. దానికన్నా ముఖ్యమైనది పాఠం చెప్పే టీచరుతో విడిగా ఒక మాట మాట్లాడటం. ఎవరైనా కాగితం, పెన్ను పట్టుకుని తరగతిలో కూర్చుంటే మన దగ్గర అది తనిఖీ కిందే లెక్క. బ్లాక్ ఆఫీసు నుంచి వచ్చారేమో, ఎవరికి ఏం రాసి పంపుతారో అన్న బెరుకుతో టీచరు ఆ రోజు పిల్లలకు నోటికి వచ్చిన పాఠమే ఎత్తుకుంటారు. అప్పుడు మీరు చూసి వచ్చేది తరగతిని కాదు, ప్రదర్శనను. అందుకని ముందే చెప్పండి: "నేను పిల్లలను చూడటానికి వస్తున్నానండి. రేపు మీరు ఎలాగూ చెప్పబోయే పాఠమే చెప్పండి. నేను రాసుకున్నది మొదట మీకే చూపిస్తాను." అన్న మాట ప్రకారం చూపించండి కూడా.

అదే సమయంలో పాఠం పేజీ ఒకసారి అడిగి తీసుకోండి. ఆ పేజీ ఎన్నాళ్లుగా నడుస్తోందో కనుక్కోండి. పది రోజులుగా నడుస్తున్న పేజీని పిల్లలు కళ్లు మూసుకుని కూడా చెప్పగలరు, దాని మీద మీ పరిశీలన ఏమీ తేల్చదు. ఇళ్లలో ఏ భాష మాట్లాడతారో కూడా అడగండి. తెలుగు ఇళ్లవారు ఎందరు, ఒడియా ఇళ్లవారు ఎందరు, కొండ మీది సవర, కువి పల్లెల నుంచి వచ్చేవారు ఎందరు? ఈ లెక్క చేతిలో లేకపోతే తరువాత మీరు వినే ప్రతి ఉచ్చారణా తప్పులాగే వినిపిస్తుంది. వారపు సంత రోజున వెళ్లకండి, జీడిపిక్కల కాలంలోనూ హాజరు పలచగానే ఉంటుంది. మధ్యాహ్న భోజనానికి ముందు పీరియడు కూడా వద్దు, వంటశాల నుంచి పప్పు వాసన రావడం మొదలయ్యాక ఏ టీచరూ పిల్లల దృష్టిని పుస్తకం మీద నిలపలేరు.

ఇక చీటీ తయారు చేసుకోండి. పాఠంలో వచ్చిన అక్షరాలతోనే, పాఠంలో లేని మాటలు నాలుగైదు రాసుకోవాలి. ధ్వనుల పద్ధతిలో నేర్పే చాలా పుస్తకాలు ఎస్, ఎ, టి, పి, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాలతో మొదలవుతాయి, ఎందుకంటే ఆ ఆరింటితోనే చిన్న మాటలు బోలెడు కట్టవచ్చు. పుస్తకంలో స్యాట్, ప్యాట్, పిన్ ఉంటే మీ చీటీలో న్యాప్, ట్యాప్, టిన్, సిప్ ఉండాలి. కొందరు నిపుణులు అర్థం లేని కల్పిత మాటలు ఇచ్చి పరీక్షించమంటారు. ఇంగ్లీషు పిల్లలకు అది పనికొస్తుందేమో గానీ మన పిల్లలకు ఎందుకో నాకు అర్థం కాదు. వాళ్లకు సగం ఇంగ్లీషు మాటలు ఎలాగూ కల్పిత మాటలే.

కూర్చునే చోటు

మీరు గుమ్మంలో అడుగు పెట్టగానే ఎవరో ఒకరు కుర్చీ తెచ్చి బోర్డు పక్కన వేస్తారు, లేదా గౌరవంగా వెనక గోడ దగ్గర వేస్తారు. రెండూ వద్దు. బోర్డు పక్కన కూర్చుంటే పిల్లలు మిమ్మల్నే చూస్తారు, వెనక కూర్చుంటే మీకు వాళ్ల తలలు తప్ప ఏమీ కనిపించవు. కిటికీ వైపు, ముందు వరుసకు కాస్త పక్కగా, పిల్లలతో పాటు చాప మీదే కూర్చోండి. అక్కడి నుంచి మీకు రెండు కనిపించాలి: వాళ్ల నోళ్లు, పుస్తకం మీద వాళ్ల వేళ్లు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు చిన్న స్టూలు అడిగి తీసుకోవచ్చు. టీ వస్తే తరగతి అయ్యాక తాగుతానని చెప్పండి.

ఫోను జేబులోంచి తీయకండి. పిల్లల ఫొటోలు, వీడియోలు అసలే వద్దు. మొదటి అయిదు నిమిషాలు పాఠం గురించి ఏమీ రాయకుండా ఊరికే కూర్చోండి, పిల్లలకు మీ మీద ఆసక్తి పోనివ్వండి. ఆ సమయంలో కాగితం మీద వరుసల పటం మాత్రం గీసుకుని ప్రతి పిల్లకూ ఒక సున్నా చుట్టండి. పేర్లు రాయవద్దు, గుర్తుకు ఒక అక్షరం చాలు. ముగ్గురిని ఎంచుకోండి: ముందే చెయ్యెత్తే పిల్ల ఒకరు, అందరితో పాటు పెదవులు కదిపే పిల్లవాడు ఒకరు, గోడకు ఆనుకుని కూర్చున్నవాడు ఒకరు. పాఠం జోరందుకోకముందే ఈ ఎంపిక జరిగిపోవాలి. జోరందుకుంటే మీ కళ్లు గట్టిగా అరిచేవాడి వైపే పోతాయి.

తరగతిలో ఎవరు ఎంత మాట్లాడారో లెక్కవేసే ఫ్లాండర్స్ పద్ధతిని బీఈడీలో చదువుకున్నవారికి మూడు సెకన్లకొక గీత, పది వర్గాలు గుర్తుండే ఉంటాయి. ఏడు టీచరు మాటలకు, రెండు విద్యార్థుల మాటలకు, ఒకటి నిశ్శబ్దానికి. మంచి పద్ధతే, కానీ ఈ తరగతికి సరిపోదు. కోరస్ అంతా విద్యార్థుల మాటల గడిలోకి చేరి, లెక్క చూస్తే పిల్లలు బ్రహ్మాండంగా పాల్గొంటున్నట్టు వస్తుంది. ఆ పట్టిక ఇంట్లో వదిలేసి రండి.

అక్షరం పేరా, దాని ధ్వనా?

మొదట వినవలసింది ఇది. టీచరు "సి ఎ టి, క్యాట్" అనిపిస్తున్నారా, లేక ఒక్కో అక్షరం పలికే ధ్వనిని విడిగా చెప్పి వాటిని కలిపిస్తున్నారా? సి, ఎ, టి అనే పేర్లను ఎంత వేగంగా కలిపినా క్యాట్ రాదు, "సీయేటీ" వస్తుంది. పేర్లు చెప్పి చివర మాటను చెప్పించడం స్పెల్లింగు కంఠస్థం చేయించడం. దానికీ ఒక ప్రయోజనం ఉంది గానీ అది చదవడం నేర్పడం కాదు.

మన పిల్లలకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కుంది. తెలుగులోనూ ఒడియాలోనూ 'క' అని రాస్తే అందులో అచ్చు ఇమిడే ఉంటుంది. గుణింతం నేర్చిన పిల్లకు ఒక గుర్తు అంటే ఒక పూర్తి అక్షరం. ఇంగ్లీషులో హల్లు విడిగా, అచ్చు విడిగా నిలబడతాయి, అందుకని టీచరు "క, అ, ట" అని విడదీస్తే పిల్ల కలిపి "కఅట" అంటుంది. పిల్ల తప్పేమీ లేదు, ఇచ్చిన ముక్కలను నిజాయితీగా అతికింది. ఇదే టీచరు "క్" అని పొల్లుగా పలికి, నడుమ అచ్చును కాస్త సాగదీసి, చివర "ట్" అని ఆపేస్తే మాట దానంతట అదే వస్తుంది. పొల్లు అన్నది తెలుగు చదివిన పిల్లలకు తెలిసిన సంగతే. టీచరు దాన్ని వాడుకుంటున్నారా లేదా రాసుకోండి. క్యాట్ నడిమి అచ్చు మనకు లేదని కొందరు అనుకుంటారు. 'వచ్చాడు' అన్నప్పుడు 'చ్చా' దగ్గర మన నోట పలికేది దానికి చాలా దగ్గర ధ్వని. ఈ కిటుకు తెలిసిన టీచరు కనిపిస్తే తప్పకుండా నోట్ చేసుకోండి, మిగతా టీచర్లకు చెప్పవచ్చు.

ఇంగ్లీషులో అక్షరాలు 26 అంటారు. పిల్లల కంటికి అవి 52. పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి (స్మాల్) అనే తేడా తెలుగుకూ లేదు, ఒడియాకూ లేదు. పెద్ద అక్షరాలన్నీ వచ్చిన పిల్ల చిన్న అక్షరాల దగ్గర తెల్లమొహం వేయడం మామూలే. పైగా ధ్వనులు సుమారు 44. చిన్న బి, చిన్న డి తారుమారు కావడం చూసి కంగారుపడనక్కరలేదు. పొట్ట కుడివైపు ఉంటే ఒక అక్షరం, ఎడమవైపు ఉంటే మరొకటి అనే సంగతి ఈ పిల్లలకు కొత్త.

యాస వేరు, తప్పు వేరు

కొత్తగా పరిశీలనకు వెళ్లేవారు ఎక్కువగా పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

తెలుగు పిల్ల బుక్ అని రాసినదాన్ని "బుక్కు" అని చదివితే అది తప్పు కాదు. మన మాటలు అచ్చుతో ముగియడానికి ఇష్టపడతాయి, బస్సు, కారు, పెన్ను అన్నీ అలా వచ్చినవే. పిల్ల అక్షరాలన్నీ సరిగ్గానే చూసింది, నోరు తన అలవాటు ప్రకారం ఒక అచ్చు తగిలించింది. టిక్కు పెట్టి ముందుకు వెళ్లండి. వి, డబ్ల్యూ రెండింటికీ మనం 'వ' అనే అంటాం, అదీ యాసే.

ఒడియా ఇళ్ల పిల్లల దగ్గర వేరే లెక్క. వ్యాన్‌ను "భ్యాన్" అంటారు. ఓటును ఒడియాలో 'భోట్' అని 'భ'తోనే రాస్తారు, కాబట్టి అందులో వింతేమీ లేదు. శ, ష, స మూడూ లిపిలో ఉన్నా మామూలు మాటలో మూడూ 'స'లాగే పలుకుతాయి. ఇ, ఈ విషయంలోనూ అంతే, రాతలో హ్రస్వం, దీర్ఘం రెండూ ఉంటాయి గానీ నోట తేడా వినబడదు. ఈ రెండు అలవాట్లూ ఒకే చోట తగిలే జంట షిప్, షీప్.

బోర్డు మీద ఆ రెండు మాటలూ, వాటి పక్కన ఓడ బొమ్మ, గొర్రె బొమ్మ ఉన్నాయనుకోండి. తెలుగు ఇంటి పిల్ల లేచి రెండింటినీ టకటకా వేరుచేసి చదువుతుంది, గుడి, గుడిదీర్ఘం తేడా ఆమెకు పుట్టుకతో వచ్చింది. ఒడియా ఇంటి పిల్లవాడు రెండింటినీ "సిప్" అంటాడు. పిల్లలు నవ్వుతారు, టీచరు కూర్చోమంటారు. మీరు కాగితం మీద రెండు తప్పులు వేశారా? తొందరపడ్డారు. చదివినవాడిని ఏ మాట ఏ బొమ్మదో వేలితో చూపించమనాలి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒక ఐ ఉన్న మాటను ఓడకు, రెండు ఈలు వరసగా ఉన్న మాటను గొర్రెకు సరిగ్గా కలిపాడంటే వాడు చదివాడు. నోరు వేరుచేయలేదు, కళ్లు వేరుచేశాయి. పలకడం తరువాత నేర్పుకోవచ్చు. బొమ్మల దగ్గర కూడా తడబడితే అప్పుడు రాసుకోండి.

లెక్కలోకి వచ్చే అసలు తప్పులు వేరే జాతివి. మాట మొదటి అక్షరం మాత్రమే చూసి మిగతాది ఊహించడం, పిన్ ఉన్నచోట "పెన్సిల్" అనడం. బొమ్మ చూసి మాట చెప్పేయడం: మేకపిల్ల బొమ్మ కింద కిడ్ అని మూడు అక్షరాలు ఉంటే "గోట్" అనడం. వాక్యంలో ఒక మాట దాటవేసి తెలియనట్టు సాగిపోవడం. వీటిలో యాస ప్రమేయం లేదు. ఇవి చేసే పిల్ల కళ్లు అక్షరాల మీద లేవని అర్థం.

కోరస్‌ను విడదీసి వినడం

కోరస్ చెడ్డదని నేను అనను. ముప్పైమంది ఉన్న గదిలో బిడియస్తుడికి నోరు తెరిచే ధైర్యం ఇచ్చేది అదే. చిక్కల్లా దాన్నే చదువుగా లెక్కవేయడంతో.

రెండో వరుసలో ఒక పాప ఉంటుంది, ప్రతి తరగతిలోనూ ఉంటుంది. పుస్తకం ఒళ్లో తెరిచి ఉంది. నోరు అందరితో కలిసి అయిదో వాక్యం దగ్గర ఉంది, వేలు మూడో వాక్యం కింద ఆగిపోయింది. పక్క పిల్లవాడు పేజీ తిప్పడం చూసి తానూ తిప్పింది, వేలు తెచ్చి బొమ్మ మీద పెట్టింది. గొంతు ఎక్కడా తడబడలేదు. చెవితో మాత్రమే వింటే ఆ తరగతిలో అందరికన్నా బాగా చదివే పిల్ల ఆమే.

అందుకని కోరస్ నడుస్తున్నప్పుడు మీ ముగ్గురి వేళ్లనే చూడండి. తరువాత చెవి పెట్టండి: అరక్షణం వెనకబడి అందుకునేవారు ఎవరు? ముందు నలుగురు అంటారు, మిగతావారు వాళ్ల గొంతు పట్టుకుని వస్తారు. టీచరు వాక్యం నడుమ ఆగినప్పుడు ఎవరు తమంతట తాము తరువాతి మాట అంటారో వాళ్లు చదువుతున్నారు. ముందుగా మాట్లాడుకుని ఉంటే టీచరును చివరి మాట నుంచి మొదటి మాటకు వెనక్కు చదివించమనండి. కంఠపాఠం అక్కడ కుప్పకూలుతుంది, చదువు వచ్చినవారు మాత్రం నెమ్మదిగానైనా నెట్టుకొస్తారు.

ప్రశ్న అడిగాక టీచరు ఎంతసేపు ఆగుతున్నారో మనసులో లెక్కపెట్టండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో సైన్సు తరగతుల రికార్డింగులు విని, టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడనివారూ మాట్లాడారు. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష, పుస్తకంలో మూడో భాష ఉన్న పిల్లకు ఆ మూడు సెకన్లు ఇంకా అవసరం. టీచరు ఆగకుండా తానే జవాబు చెప్పేస్తున్నారా, ముందు వరుస పిల్ల చెప్పేస్తోందా, రెండూ రాసుకోండి.

కంఠస్థం చేయక తప్పని మాటలు కొన్ని ఉంటాయి. ది, వాజ్, సెడ్ లాంటివి ధ్వనులు కలిపితే రావు, చూసి గుర్తుపట్టవలసిందే. ఎడ్వర్డ్ డాల్చ్ అనే ఆయన పిల్లల పుస్తకాల్లో తరచుగా వచ్చే 220 మాటలు ఏరి 1936లో జాబితా కట్టారు, నామవాచకాలు అందులో లేవు. మన బడి గోడల మీద అట్టముక్కల రూపంలో వేలాడేవి చాలావరకు అవే. ఒకేసారి ఎన్ని నేర్పుతున్నారన్నదే చూడవలసింది. రోజుకు రెండు మూడు చాలు, పది పెడితే మళ్లీ కోరసే.

అర్థం సంగతి

చదవడం వచ్చినా అర్థం కాకపోవచ్చు, అర్థం తెలిసినా చదవడం రాకపోవచ్చు. ఫిలిప్ గఫ్, విలియం టన్మర్ అనే పరిశోధకులు 1986లో దీన్ని గుణకారంగా చెప్పారు: అక్షరాలను మాటగా మార్చగలగడం ఒకవైపు, ఆ భాష వింటే అర్థం కావడం మరోవైపు, రెండింటి లబ్ధమే చదివి అర్థం చేసుకోవడం. ఏ ఒక్కటి సున్నా అయినా లబ్ధం సున్నాయే. పరిశీలించేవారికి ఇది బాగా పనికొస్తుంది, ఏ పిల్లకు ఏ వైపు సున్నా ఉందో విడివిడిగా వెతకవచ్చు.

టీచరు మాట చదివించకముందే "క్యాట్ అంటే పిల్లి, బిలెయి" అని చెప్పేస్తే పిల్లకు అక్షరాలు చూసే పని ఉండదు. చదివించాక చెబితే మేలు. తెలుగు వాడవచ్చా, ఒడియా వాడవచ్చా అని వాదనకు దిగేవారుంటారు. వాడవచ్చు, వాడాలి కూడా. ఎప్పుడు వాడారన్నదే మీరు రాసుకోవలసింది. కొండ పల్లెల నుంచి వచ్చిన పిల్లకు ఒడియాలో చెప్పిన అర్థం ఒక కొత్త భాషను మరో కొత్త భాషలో వివరించడమే అవుతుందని మరవకండి. ఒడిశాలో 2006-07లో సవర, కువి, కుయి సహా పది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టింది అందుకే. అలాంటి పిల్ల అర్థం కోసం ఎవరి వైపు తిరిగి గుసగుసలాడుతుందో చూడండి. ఆ పక్క పిల్లే ఆ తరగతిలో రెండో టీచరు.

ఒక్కొక్కరితో రెండు నిమిషాలు

పీరియడు అయ్యాక, టీచరు ఒప్పుకుంటే, మీ ముగ్గురినీ వరండాలో ఒక్కొక్కరిగా కూర్చోబెట్టుకోండి. పరీక్ష అనే మాట ఎత్తకండి. ముందు పేరు, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు లాంటివి వాళ్ల భాషలో అడగండి. తెలుగు పిల్లతో "ఏమ్మా, ఏ ఊరు మీది?" అంటే చాలు, బెరుకు సగం పోతుంది. ఒడియా పిల్లలు టీచరమ్మను 'గురుమా' అంటారు, వాళ్లు మిమ్మల్నీ అలాగే పిలిస్తే పిలవనివ్వండి.

బొమ్మను బొటనవేలితో మూసి మాటను చూపించండి. తరువాత చీటీ తీయండి. 2005 నుంచి గ్రామీణ పిల్లల చదువును సర్వే చేస్తున్న అసర్ వారి ఇంగ్లీషు పరీక్షలో మెట్లు నాలుగే: పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, చిన్న మాటలు, సులువైన వాక్యాలు. మీరూ ఆ వరుసే పాటించండి, పిల్ల ఆగిన మెట్టు దగ్గర ఆపేయండి. కింది మెట్టుకు దిగి, వచ్చినది ఒకటి చదివించి పంపండి, ఓడిపోయానని అనుకుంటూ తరగతిలోకి వెళ్లకూడదు.

గుర్తులు వేయడానికి న్యూజిలాండ్‌కు చెందిన మేరీ క్లే అనే పరిశోధకురాలు వాడిన పద్ధతి తేలిక. సరిగ్గా చదివిన మాటకు టిక్కు, వదిలేసినదానికి అడ్డగీత, మరో మాట అంటే అన్న మాటను పైన రాయడం, తానే దిద్దుకుంటే చిన్న గుర్తు. తానే దిద్దుకోవడం అన్నిటికన్నా మంచి సూచన, కళ్లు పుస్తకం మీదికి తిరిగి వెళ్లాయన్నమాట. ఆ లెక్క ప్రకారం నూటికి 95 ఆపైన వస్తే ఆ పేజీ పిల్లకు సులువు, 90 నుంచి 94 అయితే నేర్పడానికి తగినది, అంతకన్నా తగ్గితే కష్టం. మొదలుపెట్టిన పిల్లలకు నూరు మాటలు ఎక్కడివి? ఇరవై మాటల్లో రెండు తప్పులు వరకు సరే, మూడైతే పేజీ బరువని అనుకోండి.

పెద్దవాళ్ల తరగతి అయితే

సాయంకాలం ఆడవాళ్లకు నడిపే తరగతులు చూడటానికి వెళ్తే పైన చెప్పినవాటిలో సగం మార్చుకోవాలి. పాతపట్నం, టెక్కలి, పలాస వైపు నుంచి కోడళ్లుగా వచ్చినవారికి తెలుగు చదవడం వచ్చి ఉంటుంది, ఊరి బోర్డులు మాత్రం ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ ఉంటాయి. ఒడియా ఎలాగూ రాదు, ఇంగ్లీషైనా నాలుగు అక్షరాలు పట్టుకుంటే ఆసుపత్రిలో గది వెతుక్కోవచ్చని వస్తారు. ట్యాబ్లెట్, బ్యాలెన్స్, ప్లాట్‌ఫారం, డిశ్చార్జ్ లాంటి మాటలు వాళ్ల నోట రోజూ ఆడేవే. అంటే ఆ గుణకారంలో అర్థం వైపు నిండుగా ఉంది, అక్షరాల వైపే ఖాళీ. పిల్లలకు చెప్పిన పిల్లి, చాప పాఠాలు వీళ్లకు చెబుతుంటే ఆ సంగతి తప్పక రాయండి. మందు అట్ట, బ్యాంకు ఫారం, స్టేషను బోర్డు ఉండగా వేరే పుస్తకం ఎందుకు? బోర్డుల మీద పెద్ద అక్షరాలే ఎక్కువ కాబట్టి వీళ్లకు మొదట పెద్దబడి నేర్పడమే సరి.

వీళ్ల దగ్గర చీటీ తీయకండి, ఒక్కొక్కరిని పక్కకు పిలవకండి. మనవరాలి ముందు తప్పు చదవడం ఎవరికైనా సిగ్గే. వాళ్లతో పాటు మీరూ పుస్తకం పట్టుకుని వరుసలో కూర్చుని, "ఇదేమిటి పిన్నీ, ఇక్కడ ఏం రాశారు?" అని తెలియనట్టు అడిగితే వాళ్లే చదివి చెబుతారు.

టీచరుతో మాట్లాడేటప్పుడు

వెంటనే సలహాలు మొదలుపెట్టకండి. ముందు అడగండి: "ఈ రోజు మీకు ఏ పిల్ల ఆశ్చర్యం కలిగించిందండీ?" జవాబు వినండి. చాలాసార్లు మీరు రాసుకున్నదే టీచరూ చూసి ఉంటారు, చెప్పుకోవడానికి మనిషి దొరకక ఊరుకుని ఉంటారు. తరువాత చూసినది చూసినట్టు చెప్పండి: "రెండో వరుస పాప వేలు మూడో వాక్యం దగ్గరే ఉండిపోయిందండీ. వెనక్కు చదివించినప్పుడు నలుగురి గొంతులే వినిపించాయి." "బాగా చెప్పారు", "పిల్లలు చురుగ్గా ఉన్నారు" లాంటివి ఎవరికీ పనికిరావు. మార్చుకోమని చెప్పేది ఒకటే ఉండాలి, రేపటి పీరియడులో చేయగలిగేదై ఉండాలి. రోజూ అయిదుగురి చేత విడిగా ఒక్కొక్క వాక్యం చదివించడం, ధ్వనిని పొల్లుగా పలకడం, మూడు సెకన్లు ఆగడం, వీటిలో ఏదైనా ఒకటి.

అడిగే ప్రశ్నను తక్కువగా చూడకండి. 1907 ప్రాంతంలో ఉత్తరకోస్తా జిల్లాల బడుల తనిఖీకి జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి వచ్చారు. పుస్తకాల్లో తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ ఇంత తేడా ఎందుకని అడిగారు. ఆ ప్రశ్న చివరకు గురజాడ దగ్గరికీ, పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తున్న గిడుగు రామమూర్తి దగ్గరికీ చేరింది. అప్పటికే సవర భాష నేర్చుకుని ఆ పిల్లల చదువు కోసం పాటుపడుతున్న గిడుగు, అక్కడి నుంచి వ్యావహారిక భాష కోసం జీవితాంతం పోరాడారు. ఇంగ్లీషు తరగతిలో కూర్చుని ఇంత ఆశించనక్కరలేదు గానీ, సలహా కన్నా ప్రశ్న ఎక్కువ పనిచేస్తుందనడానికి ఈ ప్రాంతంలో ఇంతకన్నా దగ్గరి సాక్ష్యం నాకు తెలియదు.

రాసిపెట్టడం, మళ్లీ వెళ్లడం

అదే రాత్రి రాసేయండి, మర్నాటికి మీకు గుర్తుండేది మీ అభిప్రాయం మాత్రమే. ఒక పేజీ చాలు. తేదీ, పాఠం, హాజరు, ఇళ్ల భాషలు పైన, ముగ్గురి గురించి తలా నాలుగు వాక్యాలు కింద. "గోడ పక్క అబ్బాయి: ఒడియా ఇల్లు. కోరస్‌లో పెదవులు కదపలేదు. వరండాలో టిన్, సిప్ ధ్వనులు కలిపి తానే చదివాడు. న్యాప్ దగ్గర ఆగి, మొదట ప్యాన్ అని, తానే దిద్దుకున్నాడు." ఇలా రాస్తే గోడ పక్క నోరు మెదపని పిల్లవాడు, ముందు వరుసలో అరిచే పిల్ల కన్నా ముందున్నాడన్న సంగతి కాగితం మీదే కనబడుతుంది. ఒక ప్రతి టీచరుకు ఇవ్వండి. పై అధికారులెవరైనా అడిగితే టీచరు ద్వారానే ఇప్పించండి.

రెండు మూడు వారాల తరువాత మళ్లీ వెళ్లండి, ఆ ముగ్గురినే చూడండి. అవే అక్షరాలతో కొత్త మాటలు రాసుకుని వెళ్లండి. పాత చీటీ మాత్రం పనికిరాదు, ఈసరికి వరండాలో ఒకరికొకరు చెప్పుకుని దాన్ని కూడా అప్పజెప్పడానికి సిద్ధంగా ఉంటారు.